1976 జీఎంసీ మోటార్‌హోమ్ స్నానాల గది: వేడిగాలి గొట్టం చిన్నదా, గాలికి దారే లేదా?

పాతబండి76 (కాంటన్, మిషిగన్)
జనవరి 11

అందరికీ నమస్కారం. రెండేళ్ల క్రితం కొన్న 26 అడుగుల 1976 జీఎంసీ మోటార్‌హోమ్ (ఇల్లులా ఉండి తిరిగే బండి) గురించి ఇక్కడ ఇదివరకే రాశాను. ఇంజిను, బ్రేకులు, వెనక జంట చక్రాల గాలి సస్పెన్షన్ అన్నీ ఒక దారికి వచ్చాయి కానీ, స్నానాల గది మాత్రం ఈ చలికాలం మమ్మల్ని ఏడిపిస్తోంది. డిసెంబరు సెలవుల్లో ట్రావర్స్ సిటీ వైపు వెళ్లి నాలుగు రాత్రులు బండిలోనే ఉన్నాం. పడక దగ్గర చొక్కా మీద స్వెట్టర్ అవసరం లేనంత వెచ్చగా ఉంటే, రెండడుగుల అవతల స్నానాల గదిలో కాలు పెట్టగానే ఒళ్లు జివ్వుమంది. పైగా తెల్లవారేసరికి బయటి గోడ మీద చెమట పట్టినట్టు నీరు కారుతోంది. ఆ నీరు గోడంతా సమానంగా లేదు, కొంత ఎడంతో నిలువు చారల్లాగా ఉంది. ఆ చారల వెంబడే నల్లటి బూజు మొదలైంది.

ఈ బండి తెలియని వారి కోసం రెండు ముక్కలు. జనరల్ మోటార్స్ వీటిని మాకు గంటలోపు దూరంలో ఉన్న పొంటియాక్‌లో 1973 నుంచి 1978 మోడళ్ల వరకు తయారు చేసింది. టొరొనాడో అనే కారు ఇంజిను, ముందు చక్రాలనే తిప్పే ఏర్పాటు కావడంతో వెనక్కి వెళ్లే షాఫ్ట్ లేదు, అందువల్ల నేల చాలా కిందికి ఉంటుంది. ఎక్కడానికి దిగడానికి సుఖమే కానీ, పెద్ద మోటార్‌హోముల్లోలాగా నేల కింద గొట్టాలు పరిచే చోటు ఉండదు. వేడిగాలి గొట్టాలన్నీ అలమరల అడుగున, బల్లల వెనక వంకర్లు తిరుగుతూ పోవలసిందే.

ఫర్నేస్ (బండికి వేడిగాలి ఇచ్చే పొయ్యి) 20,000 బీటీయూలది (బీటీయూ అంటే వేడికి కొలత), ప్రొపేన్‌ గ్యాస్‌తో నడిచేది, నాకు ముందున్న యజమాని పెట్టించినది. దాని నుంచి 4 అంగుళాల గొట్టాలు మూడు, 2 అంగుళాల గొట్టం ఒకటి బయలుదేరుతాయి. ఆ చిన్నదే స్నానాల గదికి వస్తుంది. గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే ఎవరో ఊపిరి వదిలినట్టు ఉంటుంది, అంతే.

నా ఆలోచన ఇది: 2 అంగుళాల గొట్టం తీసేసి 4 అంగుళాలది వేయాలి, పైకప్పు వెంట్‌లో ఫోమ్ దిండు కూరి చలికాలమంతా మూసెయ్యాలి. పోయిన వేసవిలో తలుపు కూడా మార్చాను. ఆవిరి, వాసన పడక వైపు రాకుండా చుట్టూ రబ్బరు పట్టీ వేయించాను కనుక అటు నుంచి ఇబ్బంది ఏమీ లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి, మార్చి లోపల ఈ పని ముగించాలని ఉంది.

సిరిమువ్వ (మినియాపొలిస్)
జనవరి 11

అన్నయ్య గారూ, మాదీ ఇదే గోల. మా అమ్మ మాతో వస్తే ఉదయం స్నానం అంటేనే భయపడుతుంది. మేము రాత్రంతా స్నానాల గది తలుపు తెరిచే ఉంచుతాం. అలా ఉంచితే గది వెచ్చగానే ఉంటుంది కానీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసిన ప్రతిసారీ మురుగు వాసన వస్తుంది. వెయ్యకపోతే అద్దాలన్నీ మసక. రెండింట్లో ఏదో ఒకటి భరించాలి. మీ గొట్టం సంగతి తేలితే మాకూ దారి దొరుకుతుంది.

ఫర్నేస్ వెనక్కి పీల్చుకునే గాలి కోసం స్నానాల గదిలో ఒక గ్రిల్ పెడితే గాలి తిరుగుతుందని మా వారు అంటున్నారు. అది సరైన పనేనా?

టెంట్ బాబాయి (డాలస్)
జనవరి 12

ఇంత తతంగం ఎందుకండీ? చిన్న ప్రొపేన్ హీటరు, చేత్తో పట్టుకుపోయేది, దుకాణంలో దొరుకుతుంది. స్నానానికి పది నిమిషాల ముందు గదిలో వెలిగించండి, అయ్యాక ఆర్పేయండి. గొట్టాలు విప్పాలంటే సగం బండి విప్పాలి. నేను 15 ఏళ్లుగా అదే వాడుతున్నాను, ఏమీ కాలేదు.

కొండదారి (డెన్వర్ దగ్గర)
జనవరి 12

బాబాయి గారూ, మీ అనుభవాన్ని కాదనడం లేదు కానీ, ఈ గదిలో ఆ సలహా రెండు విధాల చేటు చేస్తుంది.

మొదటిది ప్రాణాలకు సంబంధించినది. బండిలో ఉన్న ఫర్నేస్ మంటకు కావలసిన గాలిని బయటి నుంచే తీసుకుని, పొగను బయటికే పంపుతుంది. మనం పీల్చే గాలి ఫర్నేస్‌లోని వేరే అరలో, రేకు గోడ అవతలి వైపు తిరుగుతుంది. చేతి హీటరుకు ఆ ఏర్పాటు లేదు, దాని మంట, దాని పొగ రెండూ మనం ఉన్న గదిలోనే. పాతబండి గారు తలుపు చుట్టూ రబ్బరు వేశానంటున్నారు, పైన వెంట్ మూస్తానంటున్నారు. అలాంటి డబ్బా లాంటి గదిలో మంట వెలిగిస్తే ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పెరుగుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు.

రెండవది మనం మాట్లాడుకుంటున్న చెమ్మ. ప్రొపేన్ కాలితే నీరు పుడుతుంది. లెక్క వేస్తే ఒక పౌండు ప్రొపేన్‌కు 1.6 పౌండ్ల నీటి ఆవిరి వస్తుంది, అంటే గ్యాలన్ ప్రొపేన్ కాల్చితే దాదాపు 0.8 గ్యాలన్ నీరు గదిలోకి వదిలినట్టు. గోడ మీద నీరు కారుతోందని బాధపడే వారు గదిలో నీరు తయారుచేసే పొయ్యి పెట్టుకోవడం ఎలాంటిదో ఆలోచించండి.

నాది 1974 నాటి పాత ట్రెయిలర్. ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఒక రాత్రి అలాంటి హీటరు దానంతట అదే ఆరిపోయింది, ఆక్సిజన్ తగ్గితే ఆర్పే సెన్సర్ దానిలో ఉంది కాబట్టి. లేకపోతే ఈ మాట రాయడానికి నేను ఉండేవాణ్ణో లేదో. ఆ తర్వాత దాన్ని బండిలో వెలిగించలేదు.

గాలిలెక్క (హ్యూస్టన్)
జనవరి 13

పాతబండి గారూ, నేను పుట్టింది విజయవాడలో, పని చేసేది భవనాల ఎయిర్ కండిషనింగ్‌లో. చలి నా సబ్జెక్టు కాకపోయినా గొట్టంలో గాలి ఎక్కడైనా ఒకటే కనుక రాస్తున్నాను. గొట్టం మార్చే ముందు మూడు చిన్న పరీక్షలు చేయండి. కొలవకుండా గొట్టం పెంచడమంటే నాడి చూడకుండా మందు రెట్టింపు చేయడమే.

ఒకటి. 13 గ్యాలన్ల వంటింటి చెత్త సంచిని నలిపి గాలి తీసేసి, దాని మూతి గ్రిల్ చుట్టూ బిగించి పట్టుకోండి. ఫర్నేస్ బ్లోవర్ (గాలి ఊదే ఫ్యాన్) పూర్తి వేగం అందుకున్నాక, సంచి ఉబ్బి నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పెట్టి చూడండి. ఆ సంచిలో 1.74 ఘనపుటడుగుల గాలి పడుతుంది, దాన్ని బట్టి నిమిషానికి ఎంత గాలి వస్తుందో తేలుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ ముందూ తర్వాతా పోల్చడానికి ఇంతకన్నా చవకైన పనిముట్టు లేదు.

రెండు. ఒక అగరుబత్తి వెలిగించి స్నానాల గది తలుపు మూసి, తలుపు కింది అంచు దగ్గర పట్టుకోండి. పొగ ఎటు పోతుందో చూడండి. ఫర్నేస్ నడుస్తున్నప్పుడొకసారి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడుస్తున్నప్పుడొకసారి. తర్వాత షవర్ నీళ్లు పోయే జాలీ దగ్గర, టాయిలెట్ దగ్గర కూడా.

మూడు. గురిచూసి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో తడి చార మీద ఎంత ఉందో, పొడి గోడ మీద ఎంత ఉందో చూడండి. గదిలో తేమ శాతం కూడా కావాలి.

ఆ తలుపు చుట్టూ వేసిన రబ్బరు మీదే నాకు అనుమానం. మీరు దాన్ని చివర్లో, మంచి పని చేసినట్టు చెప్పారు.

పాతబండి76
జనవరి 16

బండిని ఇంటి ముందే నిలిపి కరెంటు ఇచ్చి, శనివారం ఉదయం కొలిచాను. బయట మైనస్ 6 డిగ్రీల సెల్సియస్. పడక దగ్గర 20, స్నానం అయ్యాక తలుపు మూసి ఉన్న స్నానాల గదిలో 13. తేమ 78 శాతం. గోడ మధ్య భాగం 10 డిగ్రీలు, తడి చారల మీద 4. సంచి నిండడానికి 20 సెకన్లు పట్టింది. గ్రిల్ దగ్గర గాలి 38 డిగ్రీలు. ఫర్నేస్‌కు దగ్గరి గ్రిల్‌లో మాత్రం 50 దాటింది.

అగరుబత్తి పరీక్ష చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఫర్నేస్ నడుస్తున్నప్పుడు తలుపు కింద పొగ కదలనే లేదు, నిటారుగా పైకి లేచింది. రబ్బరు అంత బాగా పట్టుకుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి షవర్ జాలీ దగ్గర పెడితే, పొగ జాలీ నుంచి దూరంగా, గది మధ్యకు తోసుకొచ్చింది. అంటే జాలీలోంచి గాలి పైకి వస్తోంది. ముక్కు ఆ సంగతి ముందే చెప్పింది, నేనే వినలేదు.

ఇంకో సంగతి. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియదు కానీ చెబుతున్నాను. సింక్ పక్క అలమరలో ఆవకాయ సీసాలూ కొబ్బరినూనె సీసా పెడతాం. బండిలో మిగతా చోట్ల కొబ్బరినూనె రాయిలా గడ్డకడుతుంది, ఈ అలమరలో మాత్రం ఎప్పుడూ పల్చగానే ఉంటుందని మా ఆవిడ గుర్తు చేసింది. ఆ అలమర వెనక నుంచే స్నానాల గది గొట్టం పోతుంది.

గాలిలెక్క
జనవరి 16

చెల్లెలి గారికి నా నమస్కారం చెప్పండి. మీ సమస్యలో సగం ఆవిడే పట్టుకున్నారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే మీ స్నానాల గది 13 డిగ్రీలతో వణుకుతుంటే ఆ అలమర 24 దాటి ఉంది. స్నానాల గదికి పోవలసిన వేడి ఆవకాయకు పోతోంది. గొట్టం అక్కడే ఎక్కడో ఊడింది, లేదా చిరిగింది, లేదా నలిగింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. సంచి 20 సెకన్లలో నిండిందంటే నిమిషానికి 5.2 ఘనపుటడుగులు. గాలి మోసుకొచ్చే వేడిని తేల్చడానికి మేము వాడే సూత్రం సులువైనది: నిమిషానికి వచ్చే ఘనపుటడుగులను 1.08తోనూ, ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత తేడాతోనూ గుణిస్తే గంటకు ఎన్ని బీటీయూలో వస్తుంది. మీ గ్రిల్ దగ్గర గాలి 100 ఫారెన్‌హీట్, గది ఉండవలసింది 68. తేడా 32. లెక్క వేస్తే గంటకు 180 బీటీయూలు, అదీ బ్లోవర్ ఆగకుండా నడిచినంతసేపే. 20,000 బీటీయూల ఫర్నేస్ నుంచి ఆ గదికి చేరుతున్నది అంతే.

అదే 2 అంగుళాల గొట్టం బాగుండి, సంచి 7 సెకన్లలో నిండి, గాలి 122 ఫారెన్‌హీట్‌తో వస్తే, నిమిషానికి 15 ఘనపుటడుగుల చొప్పున గంటకు 875 బీటీయూలు అవుతాయి. ఆ గది బయటి గోడ, కప్పు, నేల కలిపి చూస్తే మీరు చెప్పిన చలికి ఇది సరిపోవచ్చు. అందువల్ల 4 అంగుళాల ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దాని నోటి వైశాల్యం 2 అంగుళాల దానికి నాలుగు రెట్లు. బ్లోవర్ పంపే గాలి మాత్రం పెరగదు. గాలి సులువైన దారి వెతుక్కుంటుంది కనుక, మీ చిన్న గది పొయ్యిగూడులా వేడెక్కి, ముందు సీట్ల దగ్గర చలి మొదలవుతుంది. అప్పుడు దాన్ని సరిచేయడానికి గ్రిల్ సగం మూస్తారు. అలా ఒక్కొక్కటీ మూస్తూ పోతే ఫర్నేస్ లోపలి వేడి బయటపడక, హై లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది. బ్లోవర్ గాలి తగినంత లేకపోతే సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు లేవదు, అది లేవకపోతే మంటే వెలగదు. చాలామంది ఫర్నేస్ పాడైందనుకుని బోర్డులు మార్చేది ఇలాంటి చోటే.

ఇక తలుపు. 15 ఘనపుటడుగుల గాలి గదిలోకి రావాలంటే 15 ఘనపుటడుగులు బయటికి పోవాలి. మీరు పోయే దారి రబ్బరుతో బిగించారు. గాలి ఊదిన బుడగలోకి ఇంకా ఊదడానికి ప్రయత్నించినట్టు, గొట్టం బాగున్నా గాలి రాదు. మన ఊళ్లలో పాత ఇళ్ల స్నానాల గదుల్లో తలుపు కింద నాలుగు వేళ్ల సందు, పైన చూరు కింద జాలీ ఉండేవి. ఆ సందు వడ్రంగి చేతకాక వదిలింది కాదు. తలుపు కింది అంచు ముప్పావు అంగుళం కోయండి, రబ్బరు మూడు వైపులే ఉంచండి.

సిరిమువ్వ గారు అడిగిన దానికి జవాబు కూడా ఇక్కడే. స్నానాల గదిలో ఫర్నేస్ పీల్చుకునే గ్రిల్ పెట్టకండి. అలా పెడితే ఆ గది చెమ్మ, వాసన మొత్తం బండంతా పంచుతుంది. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి కూడా స్నానాల గది నుంచి వెనక్కి గాలి తీసుకోవడాన్ని ఒప్పుకోదు. తలుపు కింది సందు చాలు.

కొండదారి
జనవరి 17

ఆ నిలువు చారల గురించి ఒక మాట. జీఎంసీ బండి ఒంటికి అల్యూమినియం పక్కటెముకలు ఉంటాయి. వాటి మధ్య ఖాళీల్లో కర్మాగారంలోనే ఫోమ్ పిచికారీ చేశారు. ఫోమ్ ఉన్న చోట గోడ 10 డిగ్రీలుంటే, చలిని లోపలికి నేరుగా మోసుకొచ్చే అల్యూమినియం ఎముక మీద 4. మీరిచ్చిన 13 డిగ్రీలు, 78 శాతం తేమకు మంచుబిందువు (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 9 డిగ్రీల పైచిలుకు. అందుకే గోడ మధ్య పొడిగా ఉంది, ఎముకల మీద మాత్రం నీరు. మీరు బూజుగా చూస్తున్నది బండి అస్థిపంజరం పటం.

రెండు వైపుల నుంచి తగ్గించుకు రావాలి. గదిలో తేమ తగ్గితే మంచుబిందువు దిగుతుంది, వెచ్చటి గాలి వస్తే ఎముక వేడెక్కుతుంది. రెండూ చేశాక కూడా చార కనబడితే, లోపలి పలక విప్పినప్పుడు ఎముకల మీద నీరు పీల్చని సన్నటి ఫోమ్ పట్టీ అంటించండి. పలకలు విప్పేటప్పుడు, పాత ఫర్నేస్ కాలం నాటి తెల్లటి కాగితం లాంటి చుట్టలు, గాస్కెట్లు కనబడితే చేత్తో చింపకండి. ఆ రోజుల సామానులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, చిన్న ముక్క తడిపి తీసి పరీక్షకు పంపడం మేలు.

టెంట్ బాబాయి
జనవరి 17

సరే, హీటరు మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీరు పుడుతుందన్న లెక్క నాకు ఇన్నాళ్లూ తెలియదు. కిటికీ తీసి ఉంచేవాణ్ణి కనుక బతికిపోయినట్టున్నాను. కానీ ఒకటి అడుగుతాను. ఫ్యాన్ వేస్తే కష్టపడి వేడి చేసిన గాలంతా ఆకాశంలోకి పోదా? దిండు పెట్టి మూస్తానన్న పాతబండి మాటలో తప్పేముంది?

గాలిలెక్క
జనవరి 18

బాబాయి గారూ, అడగవలసిన ప్రశ్నే. అందరూ భయపడేది దీనికే, కనుక అంకెల్లోనే చెబుతాను. స్నానాల గది సుమారు 85 ఘనపుటడుగులు అనుకుందాం. నిమిషానికి 50 ఘనపుటడుగులు లాగే చిన్న ఫ్యాన్ పది నిమిషాలు నడిస్తే, గదిలో గాలి ఆరుసార్లు మారినట్టు. బయట మైనస్ 5, లోపల 20 ఉంటే ఆ పది నిమిషాల్లో పోయే వేడి 405 బీటీయూలు. గ్యాలన్ ప్రొపేన్‌లో 91,500 బీటీయూలు ఉంటాయి. ఫర్నేస్ అందులో నాలుగో వంతు పొగలో పోగొడుతుందనుకున్నా, మీరు పోగొట్టుకున్నది గ్యాలన్‌లో నూరో వంతుకు కూడా రాదు. ఆ ఖర్చుతో గోడ కుళ్లకుండా ఉంటుంది.

పోగొట్టేది మరొకటి ఉంది. 14 అంగుళాల కప్పు రంధ్రంలో పెట్టే పెద్ద ఫ్యాన్లు పూర్తి వేగంలో నిమిషానికి 900 ఘనపుటడుగుల దాకా లాగుతాయి. అవి వేసవిలో బండంతా చల్లబరచడానికి. చలికాలంలో స్నానం తర్వాత దాన్ని పూర్తి వేగంతో అరగంట మరచిపోతే మీ భయం నిజమవుతుంది. అతి తక్కువ వేగంలో, పది పదిహేను నిమిషాలు చాలు. పడక వైపు కిటికీ ఒకటి వేలెడు తెరవండి, బయటి గాలి అటు నుంచి వచ్చి, పొడిగా వెచ్చబడి, తలుపు కింద నుంచి స్నానాల గదిలోకి వెళ్తుంది. దిండు పెట్టుకోండి, తప్పు లేదు, కానీ రాత్రి పడుకునేటప్పుడు, గది ఆరాక.

వాసన గురించి. ఫ్యాన్ గదిలోంచి గాలి లాగుతుంది, తలుపు కింద దారి లేకపోతే షవర్ మురుగు గొట్టంలోంచి తెచ్చుకుంటుంది. అక్కడ వాసనను ఆపేది పి-ట్రాప్‌ (జాలీ కింది గొట్టంలోని వంపు)లో నిలిచిన కాసిని నీళ్లే. బండి కుదుపులకు అవి చిందిపోతాయి, నెలల తరబడి నిలిపితే ఆరిపోతాయి. ప్రయాణం మొదట్లోనూ, గమ్యం చేరాకా ఒక చెంబెడు నీళ్లు పోయండి. టాయిలెట్ అడుగున ఉండే మూత రబ్బరు ఎండిపోతే దాని మీద నీళ్లు నిలవవు. అది చవకైన సామాను, మార్చేయండి. సిరిమువ్వ గారూ, ఫ్యాన్ నడుస్తుండగా టాయిలెట్ ఫ్లష్ చేయవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. మూత తెరుచుకున్న ఆ రెండు సెకన్లలో మురుగు ట్యాంకులోని గాలి మొత్తం కప్పు వెంట్ వైపు పరుగు తీస్తుంది. దానికి ముక్కు మధ్యలో ఉంటుంది.

కూకట్‌పల్లి కారవాన్ (హైదరాబాద్)
జనవరి 19

నమస్కారం. మేము టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మారుస్తున్నాం. లంబసింగి, అరకు దాటి, వచ్చే ఏడు లద్దాఖ్ వెళ్లాలని ఉద్దేశం. ఇంటి గ్యాస్ సిలిండర్‌తో ఇలాంటి ఫర్నేస్ నడుస్తుందా?

కొండదారి
జనవరి 19

అరకు, లంబసింగి వరకు మీకు ఫర్నేస్ గొట్టాల కన్నా తలుపు కింద సందూ, పైన చిన్న ఫ్యానూ ముఖ్యం. లద్దాఖ్ చలిలో మాత్రం సిలిండరే ఇబ్బంది పెడుతుంది. మన దేశంలో ఇంటి గ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. బ్యూటేన్ సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఆవిరి కావడం మానేస్తుంది, సిలిండర్ నిండుగా ఉన్నా మంట రాదు. ఇక్కడి బండ్లలో ప్రొపేన్ వాడేది అందుకే. మీ ప్రశ్నకు వేరే చర్చ మొదలుపెట్టండి, అందరం వస్తాం.

పాతబండి76
ఫిబ్రవరి 2

రెండు వారాంతాలు పట్టింది. సింక్ పక్క అలమర వెనక పలక విప్పాను. నలుగురూ చెప్పినట్టే ఉంది, ఇంకా ఘోరంగా ఉంది. 2 అంగుళాల గొట్టం టాయిలెట్ నీళ్ల పైపు కింద నుంచి దూరింది, ఆ చోట నలిగి చపాతీలా చదునైపోయింది. పాలకాయ మందం కూడా లేదు. దానికి ముందు అతుకు దగ్గర చుట్టిన గుడ్డ టేప్ జిగురు ఎండి పెళుసెక్కి, వేలు తగలగానే పొడిగా రాలింది. అతుకు సగం ఊడి, వేడిగాలంతా ఆవకాయ సీసాల వెనక్కి ఊదుతోంది. పాత యజమాని తప్పు అనడం లేదు, ఇంకో గొట్టం పోయే చోటు నిజంగా అక్కడ లేదు.

నీళ్ల పైపును ఒకటిన్నర అంగుళం పైకి జరిపి క్లిప్ వేశాను. కొత్త గొట్టం వేసేటప్పుడు ముడతలు లేకుండా సాగదీసి, కావలసినంతే కోశాను. మొదట ఒక అడుగు ఎక్కువ ఉంచాను, పనికొస్తుందని. ఆ అడుగే పాములా మెలికపడి మళ్లీ గాలి ఆపింది, సంచి 11 సెకన్లు తీసుకుంది. కోసేశాక 7.

కొండదారి (డెన్వర్ దగ్గర)
ఫిబ్రవరి 2

అతుకులకు ఏ టేప్ వాడారు? దుకాణంలో డక్ట్ టేప్ అని అమ్మే బూడిద రంగు గుడ్డ టేప్ మళ్లీ వేయలేదు కదా? లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల వారు 1998లో రకరకాల టేపులను వేడి, చలి మారుస్తూ డక్టు అతుకుల మీద పరీక్షిస్తే, విఫలమైనది ఆ గుడ్డ టేపే. పేరులో ఉన్న పనికే అది పనికిరాదు.

పాతబండి76
ఫిబ్రవరి 2

లేదండీ. క్లాంప్ బిగించి, దాని మీద అల్యూమినియం రేకు టేప్ వేశాను. అలమరలో ఉన్న భాగం మీద ఇన్సులేషన్ తొడుగు కూడా ఎక్కించాను.

తలుపు కింద ముప్పావు అంగుళం కోయించాను. కొత్త తలుపు కోయడానికి మనసు రాక ఒక రోజంతా వాయిదా వేసుకున్నానని ఒప్పుకుంటున్నాను. కింది రబ్బరు తీసేశాను. అగరుబత్తి మళ్లీ వెలిగించాను. ఫర్నేస్ నడుస్తుంటే తలుపు కింద పొగ పడక వైపు పోతోంది, ఫ్యాన్ వేస్తే స్నానాల గదిలోకి పోతోంది, షవర్ జాలీ దగ్గర మాత్రం కదలడం లేదు. పి-ట్రాప్‌లో చెంబెడు నీళ్లు పోశాను. టాయిలెట్ మూత రబ్బరు కూడా మార్చాను, పాతది పగిలిన అరికాలులా ఉంది.

నిన్న ఉదయం కొలతలు: బయట మైనస్ 5. గ్రిల్ దగ్గర గాలి 50 డిగ్రీలు. స్నానం అయ్యాక ఫ్యాన్ తక్కువ వేగంలో పావుగంట నడిపి, అరగంటకు చూస్తే గదిలో 19 డిగ్రీలు, తేమ 48 శాతం. ఎముకల మీద 8.5.

గాలిలెక్క
ఫిబ్రవరి 3

19 డిగ్రీలు, 48 శాతానికి మంచుబిందువు 7.7. మీ ఎముక 8.5 ఉంది కనుక పొడిగానే ఉంటుంది, కానీ అంచున ఉన్నారు. బయట మైనస్ 15 అయిన రాత్రి మళ్లీ చెమట పట్టవచ్చు. రాత్రి ఇద్దరు నిద్రపోతే ఊపిరి, చెమట కలిపి అర లీటరుకు పైగా నీరు గాలిలో చేరుతుంది కనుక, స్నానం చేయని రోజు కూడా తెల్లవారుజామున ఫ్యాన్ కాసేపు నడపండి. కొండదారి గారు చెప్పిన ఫోమ్ పట్టీ ఎండలు ముదిరాక, ఎముకలు పూర్తిగా ఆరినప్పుడే వేయండి. తడి మీద వేస్తే బూజును దుప్పటి కప్పి పెంచినట్టే.

గొట్టం కదిపారు కనుక ఇంకొకటి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక తయారీ తేదీ ఉంటుంది, కాలం తీరినదైతే మార్చండి. అది పడక దగ్గర ఉండాలి. ప్రొపేన్ అలారం మాత్రం నేల దగ్గర, ఎందుకంటే ఆ వాయువు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు.

సిరిమువ్వ
ఫిబ్రవరి 4

మా తలుపు కింద సందు ఉంది, అయినా వాసన వచ్చేది. ఈ చర్చ చదివి చూస్తే షవర్ ట్రాప్ పూర్తిగా పొడిగా ఉంది, టాయిలెట్ గిన్నెలో పోసిన నీళ్లు పది నిమిషాల్లో దిగిపోయాయి. రబ్బరు తెప్పించాం. నిన్న ఫ్యాన్ వేసి అమ్మ స్నానం చేసి వచ్చి, అద్దంలో బొట్టు పెట్టుకుంది. మసక లేదు.

పాతబండి76
ఫిబ్రవరి 4

అలారం 2014 నాటిది, మార్చేశాను. ఫోమ్ పట్టీ మే నెలకు పెట్టుకున్నాను, ఫోటోలు ఇక్కడే పెడతాను. మా ఆవిడ మాత్రం కొత్త ఫిర్యాదు చేస్తోంది. అలమరలో కొబ్బరినూనె గడ్డకట్టింది. స్నానానికి ముందు సీసాను గ్రిల్‌కు జానెడు దూరంలో పెడితే పావుగంటలో కరుగుతోంది.